‘అద్భుతం’ వెనక దాగిన బీదల శరణాలయం: ఆనీ సలివన్ జీవితం, కాలం

1

హెలెన్ కెల్లర్ కథ బడి పాఠంగానో, పిల్లల పుస్తకంగానో మనలో చాలామందికి చిన్ననాడే చేరింది. పందొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి చూపూ వినికిడీ రెండూ పోయిన పిల్ల, చేతిపంపు కింద చెయ్యి పెట్టగా ఆ చల్లగా జారుతున్న దానికి ఒక పేరుందని గ్రహించింది. పెద్దదై పట్టభద్రురాలైంది. పుస్తకాలు రాసింది. దేశదేశాలు తిరిగింది; 1955లో మన దేశమూ వచ్చింది. ఈ కథలో ఒక టీచరు కూడా ఉంటుంది. అరచేతిలో అక్షరాలు పలికించేది ఆమే. అయితే ఆమె ఎక్కడినుంచి వచ్చింది, ఆమె కళ్లకేమైంది, అంతటి పని ఆమెకెలా చేతనైంది, అందుకు ఆమె చెల్లించిన మూల్యం ఏమిటి అన్న ప్రశ్నలు కథలోకి రావు. వాటన్నిటికీ బదులుగా ఒక్క మాట ఉంటుంది: అద్భుతం.

విలియం గిబ్సన్ ఈ కథను 1957లో టెలివిజన్ కోసం నాటకంగా రాశాడు. 1959లో అది బ్రాడ్వే రంగస్థలమెక్కింది, 1962లో సినిమా అయింది. దాని పేరుకు ‘అద్భుతాలు చేసే మనిషి’ అని అర్థం. మన దగ్గర 2005లో ఆ నాటకం ప్రేరణతో ‘బ్లాక్’ అనే హిందీ చిత్రం వచ్చింది. అందులో టీచరు మగవాడయ్యాడు. గిబ్సన్ నాటకంలో టీచరు చిన్ననాటి శరణాలయం జ్ఞాపకంగా వినిపిస్తుంది గాని, అది ఆమె మనసులోని గాయంగా మాత్రమే వినిపిస్తుంది. ఆ గాయం చేసిన సమాజం తెర మీదికి రాదు.

అద్భుతం అన్నాక కారణాలు వెతకనక్కర్లేదు. కారణాలు వెతకనప్పుడు బాధ్యులెవరని అడగనక్కర్లేదు. చరిత్రను అద్భుతంగా మార్చడంలో ఉన్న సౌకర్యం ఇదే. ఆనీ సలివన్ జీవితాన్ని ఆ మాట నుంచి విడదీసి చూస్తే మనకు కనిపించేది మూడు చరిత్రల కలయిక. ఒకటి, పేదరికం కళ్లు పోగొట్టే చరిత్ర. రెండోది, బోధన అనే శ్రమ చరిత్ర. మూడోది, భాష మనిషికి ఎలా అబ్బుతుందన్న ప్రశ్న చరిత్ర. ఈ మూడోదానితో రచయితలకు నేరుగా సంబంధం ఉంది.

2

ఆనీ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫీడింగ్ హిల్స్ అనే పల్లెలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లండులోని లిమరిక్ ప్రాంతం వాళ్లు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువు ఐర్లండును ఊడ్చిపెట్టినప్పుడు ఓడలెక్కి వచ్చిన లక్షలాదిమందిలో వాళ్లూ ఉన్నారు. ఆ కరువులో కౌలురైతులు ఆకలితో చస్తుంటే అదే నేలమీద పండిన ధాన్యం ఇంగ్లండు రేవులకు తరలిపోయింది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. 1876-78లలో ధాత కరువు రాయలసీమను మాడ్చినప్పుడు కూడా అదే సామ్రాజ్యం అదే పని చేసింది. ఆనీ బీదల శరణాలయంలో కాలు పెట్టిన సంవత్సరం కూడా 1876 కావడం యాదృచ్ఛికం. కాని కరువుల్ని పుట్టించిన వ్యవస్థ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

సలివన్ దంపతులకు చదువు లేదు, భూమి లేదు. తండ్రి కూలివాడు, తాగుబోతు. తల్లికి క్షయ. పుట్టిన పిల్లల్లో కొందరు పసితనంలోనే పోయారు. ఆనీకి అయిదేళ్ల వయసులో ట్రకోమా సోకింది. ఈ జబ్బులో కంటిరెప్పల లోపలి పొర వాచి గరుకెక్కుతుంది. మళ్లీ మళ్లీ సోకితే రెప్ప లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు నల్లగుడ్డును గీరి గీరి చూపు తీసేస్తాయి. ఇరుకు ఇళ్లు, మురికి నీళ్లు, ఈగలు, ఒకే గుడ్డతో అందరూ ముఖం తుడుచుకోవలసిన దరిద్రం ఈ జబ్బుకు నెలవులు. అందుచేత ఆనీ కళ్లు విధి వల్ల పోయాయని చెప్పడం అబద్ధం. అవి పేదవాడలో పోయాయి.

ఆనీకి ఎనిమిదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. మరో రెండేళ్లకు తండ్రి పిల్లల్ని వదిలించుకున్నాడు. చెల్లెలు మేరీని బంధువులు తీసుకున్నారు. సగం చూపు లేని ఆనీని, క్షయతో తుంటి పాడై కుంటుతున్న తమ్ముడు జిమ్మీని ఎవరూ తీసుకోలేదు. పనికొచ్చే బిడ్డకు చోటు దొరికింది, పనికిరారనుకున్న ఇద్దరికీ దొరకలేదు. 1876 ఫిబ్రవరిలో వాళ్లిద్దర్నీ టూక్స్‌బరీలోని రాష్ట్ర బీదల శరణాలయంలో చేర్పించారు.

ఈ శరణాలయం 1854లో తెరుచుకుంది. వలస వచ్చిన పేదల్ని ఒకచోట కట్టిపెట్టడానికి ప్రభుత్వం కట్టించిన వాటిలో అదొకటి. అందులో ముసలివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, రోగులు, పెళ్లికాకుండా తల్లులైన స్త్రీలు, దిక్కులేని పసిబిడ్డలు అందరూ ఒకే కప్పు కింద ఉండేవాళ్లు. అక్కడికి వచ్చిన చంటిపిల్లల్లో బతికి బయటపడేవాళ్లు తక్కువ. కొన్ని నెలల్లోనే జిమ్మీ చనిపోయాడు. 1883లో మసాచుసెట్స్ గవర్నరు బెంజమిన్ బట్లర్ ఈ శరణాలయం దుస్థితి మీద బహిరంగ విచారణ జరిపించినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. అప్పటికి ఆనీ అక్కడినుంచి బయటపడి మూడేళ్లయింది.

ఎలా బయటపడింది? ఇక్కడ కూడా అద్భుతం లేదు. అక్షరాలు వచ్చిన కొందరు స్త్రీలు ఆ శరణాలయంలో పత్రికలు చదివి వినిపించేవాళ్లు. గుడ్డిపిల్లలకు వేరే బళ్లున్నాయని ఆనీ విన్నది ఆ గదుల్లోనే. లోకం పతితలని ముద్రవేసి పారేసిన స్త్రీలే ఆమెకు తొలి గురువులు. 1880లో రాష్ట్ర ధర్మాదాయ సంఘం పెద్ద ఫ్రాంక్లిన్ శాన్‌బోర్న్ పరిశీలనకు వచ్చాడు. ఆనీకి ఆయన కనిపించలేదు. ఆ పెద్దమనుషుల గుంపు వెంటపడి, ఆయన పేరు పెట్టి పిలిచి, తనకు బడికి పోవాలని ఉందని అరిచింది. అలా అడిగి తీసుకున్న చదువు అది.

3

1880 అక్టోబరు 7న ఆనీ బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి పద్నాలుగేళ్లు. తన పేరు తాను రాసుకోలేదు. బడిలో ఎక్కువమంది కలిగినవాళ్ల బిడ్డలు. తమకంటే చిన్నపిల్లల తరగతిలో కూచున్న ఈ శరణాలయం పిల్లను చూసి వాళ్లు నవ్వారు. ఆమె ఊరుకునే రకం కాదు, ఎదురు తిరిగేది. ఆ మొండితనాన్ని పాఠశాల పెద్దలు దుడుకుతనం అన్నారు. శరణాలయంలో మొండితనం లేని పిల్లలు ఏమయ్యారో ఆ పెద్దలకు తెలియదు.

1881లో ఒకసారి, మరుసటేడు మరోసారి ఆమె కళ్లకు శస్త్రచికిత్స జరిగింది. పూర్తిచూపు రాలేదు గాని అచ్చక్షరాలు కంటికి ఆనించుకుని చదవగలిగినంత చూపు వచ్చింది. అప్పటినుంచి జీవితాంతం ఆమె ఈ రెండు లోకాల సరిహద్దున బతికింది. చూపున్నవాళ్లలో గుడ్డిది, గుడ్డివాళ్లలో చూపున్నది. ఎన్నిమార్లు కత్తికి అప్పగించినా ఆ కళ్లు మంటా నొప్పీ మానలేదు.

పెర్కిన్స్‌లో ఆమెకు దొరికిన మరో గురువు లారా బ్రిడ్జ్‌మన్. చూపు, వినికిడి రెండూ లేకుండా భాష నేర్చుకున్న మనిషిగా అప్పటికే లోక ప్రసిద్ధురాలు. ఆ పాఠశాల వ్యవస్థాపక అధ్యక్షుడు శామ్యూల్ గ్రిడ్లీ హౌ 1837లో ఆమెకు చదువు మొదలుపెట్టాడు. ముందు వస్తువుల మీద ఉబ్బెత్తు అక్షరాల చీటీలు అంటించాడు. తర్వాత వేళ్ల భంగిమలతో అక్షరాలు నేర్పాడు; ఒకరు అరచేతిలో పలికిస్తే మరొకరు తడిమి చదువుకునే పద్ధతి అది. 1842లో ఆ బడిని చూసిన చార్లెస్ డికెన్స్ తన అమెరికా యాత్రా గ్రంథంలో లారా గురించి రాశాడు. ప్రయోగం గెలిచింది. హౌకు కీర్తి వచ్చింది. లారా మాత్రం తన జీవితంలో అత్యధిక భాగం ఆ సంస్థలోనే గడిపి 1889లో అక్కడే చనిపోయింది. ఆనీ ఆమెతో కూచుని కబుర్లాడటం కోసం వేలి అక్షరాలు నేర్చుకుంది. హౌకు లారా ఒక నిదర్శనం. ఆనీకి ఆమె ఒక తోటి మనిషి. తర్వాత జరిగిన దాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా ముఖ్యం.

1886 జూన్‌లో తరగతి తరఫున వీడ్కోలు ఉపన్యాసం ఇచ్చి ఆనీ బడి నుంచి బయటికి వచ్చింది. ప్రథమురాలిగా వచ్చింది, పని మాత్రం లేదు. ఇరవై ఏళ్ల చూపు తక్కువ పేద ఆడపిల్లకు పనిమనిషితనం కంటే మంచి దారి ఏదీ కనిపించలేదు. అలాబామా రాష్ట్రంలో టస్కంబియా అనే ఊళ్లో ఆర్థర్ కెల్లర్ అనే మాజీ సైనికాధికారి తన కూతురి కోసం టీచరును వెతుకుతున్నాడు. డికెన్స్ పుస్తకం చదివిన తల్లి కేట్‌కు తమ బిడ్డకూ దారి ఉండవచ్చని ఆశ పుట్టింది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ వాళ్లను పెర్కిన్స్ వైపు మళ్లించాడు. అప్పటి అధ్యక్షుడు మైకేల్ అనాగ్నోస్ ఆనీ పేరు సూచించాడు. జీతం నెలకు 25 డాలర్లు. ఆమె ఆ పనికి ఒప్పుకున్నది సేవాభావంతో కాదు, బతుకుదెరువు కోసం. కొన్ని నెలలు హౌ రాసిన నివేదికలన్నీ ఆ మంటెత్తే కళ్లతో చదివి సిద్ధమైంది. 1887 మార్చి 3న టస్కంబియాలో రైలు దిగింది.

4

ఆ ఇల్లు అంతకు పాతికేళ్ల కిందటిదాకా బానిసల శ్రమ మీద నిలబడిన ఇల్లు. కెల్లర్ దక్షిణాది పక్షాన యుద్ధం చేసినవాడు. ఉత్తరాది నుంచి వచ్చిన ఈ ఐరిష్ పిల్ల భోజనాల దగ్గర ఆ యుద్ధం గురించి వాదనకు దిగేది. టీచరు రాకముందు కూడా హెలెన్‌కు కొంత భాష ఉంది. ఇంట్లో వాడుకునే సైగలు అరవైకి పైగా ఉన్నాయి. ఆ సైగల్ని బాగా అర్థం చేసుకున్నది వంటమనిషి కూతురు మార్తా వాషింగ్టన్ అనే నల్లపిల్ల. హెలెన్ ఆత్మకథలో ఆ పిల్ల సంగతి కొద్దిపాటి పేజీల్లోనే ముగుస్తుంది. ఆ ఇంట్లో ఎవరి చదువు కోసం బోస్టన్‌కు ఉత్తరం వెళ్లిందో, ఎవరి చదువు ఊసే లేదో గమనించకుండా ఈ చరిత్ర పూర్తికాదు.

మొదటి వారాలు పోట్లాటలతో గడిచాయి. ఆరేళ్ల హెలెన్ అందరి కంచాల్లోనూ చెయ్యి పెట్టేది, కొరికేది, తన్నేది. జాలి కొద్దీ ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆనీ అడ్డు చెప్పింది. గది తలుపు మూసి పిల్లతో కలబడింది. ఇంటికి దగ్గర్లోని చిన్న కుటీరంలో రెండు వారాల పాటు పిల్లతో ఒంటరిగా ఉంది. ఇందులో బలప్రయోగం ఉంది, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే ఆ ఇంట్లో హెలెన్‌ను తప్పు చెయ్యగల మనిషిగా లెక్కవేసిన మొదటి వ్యక్తి కూడా ఆనీయే. జాలి పడేవాళ్లకు ఆ పిల్ల మీద ఏ ఆశా లేదు. ఆశ ఉన్న మనిషే పోట్లాడుతుంది.

ఏప్రిల్ 5న పంపు దగ్గర సంఘటన జరిగింది. ఒక చేతి మీద నీళ్లు పడుతుంటే రెండో చేతిలో ఆనీ ‘నీళ్లు’ అన్న మాట అక్షరాలు పలికించింది. అంతవరకు వేళ్ల ఆటగా ఉన్నది ఆ క్షణాన పేరుగా మారింది. ఆ కొద్ది గంటల్లోనే హెలెన్ మరో ముప్ఫై మాటలు అడిగి తెలుసుకుంది. నాటకం, సినిమా ఇక్కడితో పతాక సన్నివేశానికి చేరతాయి. నిజానికి ఆనీ చేసిన అసలైన పని ఆ తర్వాతి వారంలో మొదలైంది.

అంతవరకు ఆమె పాఠాలు చెప్పేది. ఫలానా వేళకు ఫలానా వస్తువు, ఫలానా మాట అన్నట్టు. ఆ రోజుల్లోనే ఆ కుటుంబంలోని పదిహేను నెలల పసిబిడ్డను గమనించింది. ఆ బిడ్డకు మాటలు ఇంకా సరిగా రావు. కాని తలుపు వెయ్యమంటే వేస్తుంది, ముక్కేదంటే చూపిస్తుంది. బిడ్డకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఎవరూ ఒక్కొక్క మాట తూచి ఇవ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్లు నిండు వాక్యాలు మాట్లాడుతుంటే బిడ్డ ఆ మాటల వర్షంలో తడిసింది. ఆనీ ఏప్రిల్ 10న పెర్కిన్స్‌లోని సోఫియా హాప్కిన్స్‌కు రాసిన ఉత్తరంలో తన నిర్ణయం చెప్పింది. ఇక పాఠాలు లేవు. పసిబిడ్డ చెవిలో మాట్లాడినట్టే హెలెన్ చేతిలో మాట్లాడటం. పూర్తి వాక్యాలు, పిల్లకు అర్థం కాని మాటలతో సహా.

హౌ పద్ధతిలో భాష అంటే వస్తువులకు అంటించిన చీటీలు. ఆనీ పద్ధతిలో భాష అంటే మనుషుల మధ్య జరిగే సంబంధం. బడి గదిలోంచి పొలాల్లోకి, టెనెస్సీ నది ఒడ్డుకి పోయింది. హెలెన్ మట్టితో ఆనకట్టలు, దీవులు, చెరువులు కట్టి భూగోళం నేర్చుకుంది. ఒకనాడు పిల్ల పూసలు గుచ్చుతూ వరస తప్పి ఆగిపోయింది. ఎక్కడ తప్పిందా అని తడుముకుంటుండగా ఆనీ ఆమె నుదురు ముట్టుకుని ‘ఆలోచించు’ అన్న మాట చేతిలో పలికించింది. కంటికీ చేతికీ అందని దానికి కూడా పేరుంటుందని హెలెన్‌కు అలా తెలిసింది. ఆలోచిస్తున్న క్షణంలోనే ఆలోచన అన్న మాట ఇచ్చింది టీచరు. అనుభవానికి ముందు వచ్చిన మాట చీటీ అవుతుంది, అనుభవం చల్లారాక వస్తే నిర్వచనం అవుతుంది.

ఇక్కడ రచయితలు ఆలోచించవలసింది ఒకటుంది. ప్రజలకు అర్థమయ్యేలా రాయాలని మనం అంటాం. ఆ మాట సరైనదే. కాని ఆ పేరుతో పొడి పొడి మాటలు, ముందే నమిలిన వాక్యాలు, చీటీల్లాంటి నినాదాలు పాఠకుడి చేతిలో పెట్టడం కూడా జరుగుతోంది. పాఠకుడి మీద గౌరవం లేని సరళత జాలికి మరో రూపం. చూపూ వినికిడీ లేని ఆరేళ్ల పిల్లకు సైతం నిండు వాక్యం హక్కు అని ఆనీ నమ్మింది. మన పాఠకుడికి అంతకంటే తక్కువ ఇవ్వడానికి మనకేం అధికారం ఉంది?

5

పదకొండేళ్ల వయసులో, 1891లో, హెలెన్ ‘మంచు రాజు’ అనే కథ రాసి అనాగ్నోస్‌కు పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చువేయించాడు. అది మార్గరెట్ కాన్బీ రాసిన ‘మంచు దేవతలు’ అనే పిల్లల కథకు చాలా దగ్గరగా ఉందని తర్వాత బయటపడింది. ఆ కథను కొన్నేళ్ల కిందట ఎవరో ఆమె చేతిలో చదివి వినిపించారు. ఆమె మరిచిపోయింది, మాటలు మాత్రం మరవలేదు. 1892లో పెర్కిన్స్‌లో ఎనిమిది మంది సభ్యులతో విచారణ కూచుంది. టీచరును గదిలోంచి బయటికి పంపి, పన్నెండేళ్లయినా నిండని పిల్లను ఒంటరిగా ప్రశ్నించారు. తీర్పు చెరిసగంగా చీలింది. అనాగ్నోస్ తన ఓటు పిల్ల వైపు వేశాడు. తర్వాతి కాలంలో ఆయన కూడా ఆ నమ్మకం మీద నిలబడలేదు. హెలెన్ చాలాకాలం కథ రాయడానికే భయపడింది. తాను రాసే ప్రతి వాక్యం తనదేనా అన్న అనుమానం ఆమెను వదల్లేదు.

అనుమానం హెలెన్ మీద కంటే ఎక్కువగా టీచరు మీద. ఈ పిల్ల రాసేదంతా ఆ శరణాలయం మనిషి రాయిస్తోందని పెద్దమనుషుల లోపలి మాట. కళాశాల ప్రవేశానికి సిద్ధం చేసే కేంబ్రిడ్జి పాఠశాలలో 1897లో అక్కడి అధ్యక్షుడు ఇద్దర్నీ విడదీయడానికి కూడా ప్రయత్నించాడు.

1903లో హెలెన్ ఆత్మకథ అచ్చయ్యాక పాత ఆరోపణ సంగతి చదివిన మార్క్ ట్వేన్ ఆ విచారణ మీద మండిపడుతూ ఆమెకు ఉత్తరం రాశాడు. మనుషుల మాటల్లో సొంతంగా పుట్టేది బహు తక్కువ, మిగిలిందంతా విన్నదీ చదివిందే అన్నది దాని సారాంశం. సాహిత్య విద్యార్థులకు ఇది గుర్తుంచుకోదగ్గ ఘట్టం. మనం అందరం ఇతరుల మాటలతోనే మాట్లాడటం నేర్చుకున్నాం. అందరికీ ఆ అరువు కనిపించకుండా కలిసిపోతుంది. హెలెన్‌కు భాష ఒకే చేతిమీదుగా వచ్చింది గనుక ఆమె అరువు లెక్క తేలిగ్గా దొరికింది. వికలాంగురాలికి మాత్రమే సొంత భాష రుజువు చేసుకోవలసిన బాధ్యత పడింది.

6

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరింది. నాలుగేళ్లు ప్రతి తరగతిలో ఆనీ పక్కన కూచుని ఉపన్యాసాలు చేతిలో పలికించింది. బ్రెయిలీలో లేని పుస్తకాలు రోజుకు గంటల తరబడి చదివి వినిపించింది. 1904లో హెలెన్ గౌరవ శ్రేణిలో పట్టా పుచ్చుకుంది. ఆ చదువంతా తన కళ్ల మీదుగా, వేళ్ల మీదుగా పంపిన మనిషికి పట్టా లేదు. డాక్టర్లు విశ్రాంతి ఇమ్మన్న కళ్లను ఆమె ఆ పుస్తకాల మీద ఖర్చు పెట్టింది. ఈ మాట అలంకారం కాదు. శ్రామికుడు ఒంట్లోని బలాన్ని ఖర్చు పెట్టినట్టే ఆమె మిగిలిన చూపును ఖర్చు పెట్టింది.

ఆత్మకథకు సంపాదకత్వం వహించిన జాన్ మేసీ అనే యువ విమర్శకుణ్ణి ఆనీ 1905లో పెళ్లి చేసుకుంది. మేసీ సోషలిస్టు. హెలెన్ 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది. అంధత్వానికి కారణాలు వెతుకుతూ పోయిన హెలెన్‌కు మురికివాడలు, ఫ్యాక్టరీ ప్రమాదాలు, పుట్టిన బిడ్డ కంట్లో వెయ్యవలసిన మందుచుక్క వెయ్యని నిర్లక్ష్యం కనిపించాయి. అంతవరకు ఆమెను ఆకాశానికెత్తిన ఒక బ్రూక్లిన్ పత్రిక, ఆమె సోషలిస్టు అనగానే ఆ పొరపాట్లకు ఆమె వైకల్యమే కారణమంది. దానికి 1912లో హెలెన్ రాసిన జవాబు ప్రసిద్ధం. ఆ పత్రికకే సామాజికమైన గుడ్డితనం, చెవుడు ఉన్నాయని ఆమె తిప్పికొట్టింది.

ఈ ఘట్టం మనకు నచ్చుతుంది. ఆనీని కూడా అదే గాటన కట్టాలని అనిపిస్తుంది. చరిత్ర దానికి ఒప్పుకోదు. అదే జవాబులో హెలెన్ తన టీచరు సోషలిస్టు కాదని స్పష్టంగా రాసింది. హెలెన్ చదివిన మొదటి సోషలిస్టు గ్రంథం హెచ్.జి.వెల్స్ రాసినది. దాన్ని చేతికిచ్చింది ఆనీయే. అదీ దాని సిద్ధాంతం కోసం కాదు, శైలి బావుందని! స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలోనూ హెలెన్‌కున్న ఉత్సాహం ఆనీకి లేదు. శరణాలయం చూసిన మనిషి వ్యవస్థ మారుతుందని నమ్మలేకపోయింది. కలిగిన ఇంట్లో పుట్టిన శిష్యురాలు నమ్మింది. పీడన దానంతటదే చైతన్యాన్ని ఇవ్వదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అయినా తనకు లేని నమ్మకాల వైపు శిష్యురాలు నడుస్తుంటే ఆ టీచరు అడ్డుపడలేదు. ఆ పుస్తకాలు, పత్రికలు చేతిలో పలికించే పని మానలేదు.

డబ్బు ఇబ్బందులు జీవితమంతా వెంటాడాయి. ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇస్తానన్న భత్యాన్ని హెలెన్ మొదట కాదంది. 1913లో ఉపన్యాస యాత్రలో ఆనీ జబ్బుపడ్డాక పుచ్చుకోక తప్పలేదు. ఆ దరిదాపుల్లోనే మేసీ విడిపోయాడు. 1920 నుంచి నాలుగేళ్ల పాటు ఇద్దరూ వినోద ప్రదర్శనల వేదికలెక్కారు. గారడీవాళ్ల, జంతువుల ఆటల మధ్య ఇరవై నిమిషాల అంకం. పంపు దగ్గరి కథనే రోజుకు రెండుసార్లు టిక్కెట్ల మీద చెప్పుకోవడం. హెలెన్‌కు జనం సందడి ఇష్టంగానే ఉండేది. దీపాల వెలుతురు ఆనీ కళ్లను కోసేది. 1929లో నొప్పి భరించలేక ఆమె కుడికన్ను తీసేశారు. చివరికి రెండో కన్ను చూపు కూడా పోయింది.

టూక్స్‌బరీ సంగతి ఆమె దశాబ్దాల పాటు దాచుకుంది. 1933లో నెల్లా బ్రాడీ రాసిన జీవిత చరిత్రతోనే అది లోకానికి తెలిసింది. తన వేలికొసల మీద లోకాన్నంతా శిష్యురాలి చేతిలో పలికించిన మనిషి తన బాల్యాన్ని మాత్రం పలికించలేకపోయింది. పేదరికం అవమానం కాదని మనం సభల్లో చెబుతాం. అది ఎంత అవమానంగా మనిషి లోపల పాతుకుపోతుందో ఈ మౌనం చెబుతుంది.

1936 అక్టోబరు 20న ఆనీ చనిపోయింది. అప్పుడు హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. అస్థికలను వాషింగ్టన్‌లోని నేషనల్ కెథీడ్రల్‌లో ఉంచారు. హెలెన్ ఆమెను జీవితమంతా ‘టీచర్’ అనే పిలిచింది. ఆమె మీద రాస్తున్న పుస్తకం రాతప్రతి 1946లో ఇల్లు తగలబడి కాలిపోయింది. హెలెన్ మళ్లీ మొదటినుంచి రాసి 1955లో అచ్చువేయించింది. ఆ పుస్తకం పేరు కూడా ‘టీచర్’.

7

ఈ చరిత్ర మన సాహిత్యానికి వేసే ప్రశ్నలు రెండు.

మొదటిది మన భాష గురించి. ‘గుడ్డెద్దు చేలో పడ్డట్టు’ అని సామెత. ‘గుడ్డి నమ్మకం’, ‘గుడ్డి అనుకరణ’, ‘చెవిటివాడి ముందు శంఖం’, ‘అవిటి వాదం’ అనే మాటలు మన విమర్శ వ్యాసాల్లో కూడా అలవోకగా దొర్లుతాయి. ఆ బ్రూక్లిన్ పత్రికను సామాజిక గుడ్డిది అన్నది హెలెన్ కెల్లరే గదా అనవచ్చు. ఆమె తనమీద విసిరిన రాయినే తిరిగి విసిరింది. మనమీద ఎవరూ విసరలేదు. కులం పేరుతో ఉన్న తిట్లను రాతలోంచి తొలగించుకోవాలని నేర్చుకున్న మనం ఈ మాటల్ని ఇంకా అంత శ్రద్ధగా చూడలేదు.

రెండోది మన పాత్రల గురించి. మన కథల్లో, సినిమాల్లో గుడ్డివాళ్లు, కుంటివాళ్లు అయితే జాలికి నిలయాలు, లేకపోతే అద్భుతాలు. ఆ రెండింటి మధ్య ఉద్యోగం వెతుక్కునే, కోపం తెచ్చుకునే, జీతం చాలక బాధపడే, తప్పుడు అభిప్రాయాలు కూడా ఉండగల మామూలు మనిషికి చోటు తక్కువ. ఆనీ సలివన్ అలాంటి మనిషి. గొప్ప టీచరు కావడానికి ఆమెకు దేవతత్వం అవసరం పడలేదు.

ఆమె చూపు తీసిన ట్రకోమా మన పల్లెల్లో కూడా తరతరాలు రాజ్యమేలింది. 1963లో దాని అదుపుకు జాతీయ కార్యక్రమం మొదలైంది. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో అది ప్రజారోగ్య సమస్యగా లేదని ధ్రువీకరించింది. ఇందుకు పనిచేసినవి శస్త్రచికిత్స, మందులు, ముఖం కడుక్కోవడానికి మంచినీళ్లు, చుట్టుపక్కల శుభ్రం. దశాబ్దాల పాటు ఊరూరా తిరిగిన పేరులేని ఆరోగ్య కార్యకర్తల శ్రమ. టూక్స్‌బరీ పిల్లకు ఆ నీళ్లు, ఆ మందు సకాలంలో అంది ఉంటే ఆమెకు కళ్లుండేవి, తమ్ముడూ బతికేవాడేమో. అప్పుడు హెలెన్‌కు ఈ టీచరు దొరికేది కాదు గదా అని అడిగేవాళ్లుంటారు. మనుషుల్ని బాధలో వేయించి గొప్పవాళ్లను వడగట్టే సమాజం మనకు అక్కర్లేదు. పేదపిల్లలకు చూపూ చదువూ రెండూ ఉంటే వాళ్లలోంచి ఎంతమంది టీచర్లు వచ్చేవాళ్లో లెక్కవేయడం చరిత్రకారుల పని. ఆ లెక్కను కథగా, కవితగా జనం ముందు పెట్టడం మన పని.